ఇర్వింగ్ లాటినోలు గెలుచుకున్న సీట్ల గురించి డాలస్ తెలుగు సంఘాలకు బహిరంగ లేఖ

డాలస్ ప్రాంత తెలుగు సంఘాల కార్యవర్గాలకు, ఇర్వింగ్‌లో ఓటున్న తెలుగు కుటుంబాలకు,

నమస్కారం.

ఈ మధ్య మనవాళ్లు నలుగురు కలిసిన చోటల్లా ఒక మాట వినిపిస్తోంది: "సిటీ కౌన్సిల్‌లో మనవాళ్లు ఒక్కరైనా ఉండాలి." మంచి మాటే. ఇక్కడ ఇళ్లు కొన్నాం, పన్నులు కడుతున్నాం, పిల్లల్ని పెంచుతున్నాం. ఊరి పాలనలో చోటు కోరుకోవడం న్యాయమే. కానీ దాని వెనకే ఇంకో మాట కూడా వస్తోంది. "183కి దక్షిణాన ఉన్నవాళ్లు ఎలాగూ ఓట్లెయ్యరు. వాళ్లకు ప్రత్యేకంగా సీట్లెందుకు? డిస్ట్రిక్టులు తీసేసి ఊరంతటికీ కలిపి ఎన్నిక పెడితే మనమే గెలుస్తాం కదా" అని. 183 అంటే ఊరి మధ్యగా వెళ్లే హైవే, దానికి దక్షిణాన ఎక్కువగా ఉండేది లాటినోలు, అంటే మెక్సికో లాంటి లాటిన్ అమెరికా దేశాల మూలాలున్నవాళ్లు. డిస్ట్రిక్ట్ అంటే మన వార్డు లాంటిది, అక్కడివాళ్లు తమ కౌన్సిల్ సభ్యుణ్ని తామే ఎన్నుకుంటారు. ఈ మాట వేదికల మీద ఎవరూ అనడం లేదు. భోజనాల దగ్గర అంటున్నారు, వాట్సాప్ గ్రూపుల్లో రాస్తున్నారు. అన్నవాళ్లలో నాకు ఆప్తులైనవాళ్లూ ఉన్నారు, ఎవరికీ చెడు తలపెట్టేవాళ్లు కారు. ఈ ఊళ్లో డిస్ట్రిక్టులు ఎలా వచ్చాయో వాళ్లకు చెప్పినవాళ్లు లేరు, అంతే.

నేను అడగదలచుకున్నది ముందే చెప్పేస్తాను. లాటినోలు కోర్టుకెక్కి సాధించుకున్న డిస్ట్రిక్ట్ పద్ధతికి మన సంఘాలు బాహాటంగా అండగా నిలబడాలి. దాన్ని రద్దు చేయాలని రేపు ఎవరు ప్రతిపాదించినా, ఆ ప్రతిపాదన వల్ల మనకు రెండు సీట్లు వస్తాయని తేలినా సరే, వద్దనాలి. ఎందుకంటున్నానో కొంచెం ఓపిగ్గా చదవండి.

2010 జనాభా లెక్కల ప్రకారం ఇర్వింగ్ జనాభా 2,16,290. అందులో 41 శాతం లాటినోలు. మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, వాళ్ల మనవలు, సాల్వడార్, హోండురాస్ కుటుంబాలు. ఇంతమంది ఉన్న ఊళ్లో కౌన్సిల్ సీట్లన్నిటికీ ఊరంతా కలిసి ఓటు వేసే పద్ధతి ఉండేది. ప్రతి సీటుకూ ప్రతి ఓటరూ ఓటేయొచ్చు. వినడానికి ఇంతకంటే సమానత్వం ఏముంటుంది అనిపిస్తుంది. లెక్క వేసి చూస్తే తెలుస్తుంది. ఊళ్లో వంద ఓట్లున్నాయనుకోండి. అరవై మంది ఒక వైపు, నలభై మంది ఇంకో వైపు. సీట్లు ఎనిమిది. ఒక్కో సీటుకూ విడిగా పోటీ జరుగుతుంది, ప్రతి పోటీలోనూ అరవై మందిదే గెలుపు. చివరికి ఎనిమిది సీట్లూ అరవై మందివే. నలభై మందికి సున్నా. మోసం జరగలేదు, రిగ్గింగ్ లేదు, అందరి ఓటూ లెక్కపెట్టారు. అయినా సున్నాయే.

మన ఊరి పంచాయతీతో పోల్చుకుంటే ఇది వెంటనే అర్థమవుతుంది. ఎస్సీ కాలనీ ఊరి చివర ఉంటుంది. వార్డులనేవి లేకుండా మెంబర్లందరికీ ఊరంతా ఓటేసే పద్ధతి ఉంటే, ఆ కాలనీ మనిషి ఎన్నటికైనా గెలిచేవాడా? కాలనీకి వార్డు ఉంది కాబట్టి అక్కణ్నుంచి ఒక మెంబరు వచ్చాడు, వచ్చాక కుళాయి గురించి అడిగాడు. 73వ రాజ్యాంగ సవరణతో మనకు రిజర్వేషన్ రాజ్యాంగంలోనే చేరింది. అమెరికాలో అది లేదు. ఇక్కడ ఏ సీటునూ ఫలానా జాతికని కేటాయించరు, డిస్ట్రిక్ట్‌లో నివసించే ఓటరు ఎవరైనా పోటీ చేయొచ్చు. అక్కడి జనం తమకు నచ్చినవాళ్లను ఎన్నుకునే వీలు మాత్రం కల్పిస్తారు. "వాళ్లకు సీట్లు ఇచ్చేశారు" అనే మాట అందుకే తప్పు. ఇచ్చింది సీటు కాదు, గెలిచే అవకాశం.

ఆ అవకాశం కూడా ఊరికే రాలేదు. మాన్యువల్ బెనవిడెజ్ అనే ఇర్వింగ్ ఓటరు నగరం మీద ఫెడరల్ కోర్టులో కేసు వేశారు. 1965 నాటి ఓటు హక్కుల చట్టంలో రెండో సెక్షన్ ఆధారంగా వేసిన కేసది. ఆ సెక్షన్ కింద గెలవాలంటే 1986లో సుప్రీంకోర్టు పెట్టిన మూడు పరీక్షలు దాటాల్సి ఉండేది. ఒక డిస్ట్రిక్ట్‌లో మెజారిటీ కాగలిగినంతమంది ఆ జనం ఒకచోట దగ్గరదగ్గరగా ఉండాలి. వాళ్లు చాలావరకు ఒకే అభ్యర్థికి ఓటేస్తూ ఉండాలి. మిగతా మెజారిటీ కూడగట్టుకుని ఆ అభ్యర్థిని మామూలుగా ఓడిస్తూ ఉండాలి. మొదటి పరీక్ష పైకి కనిపించినంత సులువు కాదు. పిల్లల్నీ, పౌరసత్వం లేనివాళ్లనూ తీసేసి, ఓటు వయసు వచ్చిన పౌరులతోనే ఆ మెజారిటీ చూపించాలి. సర్వేల అంకెల్లో ఎంత తప్పు ఉండొచ్చన్న దాని మీద నిపుణుల వాదోపవాదాలు నడిచాయి. 2009 జులైలో న్యాయమూర్తి హోర్హే సోలిస్ తీర్పు చెప్పారు: ఇర్వింగ్ ఎన్నికల పద్ధతి చట్టాన్ని ఉల్లంఘిస్తోందని. ఆ తర్వాత వచ్చిందే ఇప్పుడు మనం చూస్తున్న ఏర్పాటు. ఆరుగురు సభ్యులు డిస్ట్రిక్టుల నుంచి, ఇద్దరు సభ్యులూ మేయరూ ఊరంతటి ఓట్లతో.

బెనవిడెజ్ ఇర్వింగ్ స్కూల్ బోర్డు మీద కూడా కేసు వేశారు. మొదటిసారి ఓడిపోయారు. ఆయన అక్కడితో ఆగలేదు. మళ్లీ వేశారు, 2014లో గెలిచారు. ఆ బోర్డు నడిపే ఇర్వింగ్ ఐఎస్‌డీ (స్కూల్ డిస్ట్రిక్ట్) బడుల్లో ప్రతి పదిమంది పిల్లల్లో ఏడుగురు లాటినోలు. వాళ్ల చదువును శాసించే బోర్డులో వాళ్ల తల్లిదండ్రుల గొంతు కోసం ఇన్నేళ్లు పట్టింది. ఉత్తరాన వ్యాలీ రాంచ్‌లో ఉండే మన పిల్లలు కోపెల్ లాంటి వేరే ఐఎస్‌డీలకు వెళ్తారు కాబట్టి ఇది మనకు తెలియకుండానే జరిగిపోయింది.

ఇప్పుడు మనకు నేరుగా తగిలే విషయానికి వస్తాను. దీన్ని మన సంఘాల్లో ప్రతి ఒక్కరూ తెలుసుకోవాలని నా కోరిక.

డిస్ట్రిక్టులు గీశాక ఇంకో కేసు పడింది, ఈసారి అటువైపు నుంచి. లెపాక్ అనే ఓటరూ ఇంకొందరూ వేశారు. వాళ్ల వాదన ఇది: డిస్ట్రిక్టులన్నిటిలో జనాభా సమానంగా ఉంది, నిజమే. కానీ ఒకటో డిస్ట్రిక్ట్‌లో ఓటు హక్కున్న పౌరులు మా డిస్ట్రిక్ట్‌లో ఉన్నవాళ్లలో దాదాపు సగమే. అంటే అక్కడి ఓటు విలువ మా ఓటుకు రెట్టింపు. కాబట్టి జనాభాను కాదు, ఓటర్లనే లెక్కపెట్టి గీతలు గీయాలి. 2011లో అప్పీల్ కోర్టు ఈ వాదన ఒప్పుకోలేదు. 2013లో సుప్రీంకోర్టు ఆ కేసు వినడానికి నిరాకరించింది. ఇదే ప్రశ్న టెక్సస్ రాష్ట్ర సెనేట్ సీట్ల విషయంలో మళ్లీ లేచింది. 2016లో ఎవెన్వెల్ కేసులో సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా తీర్పు చెప్పింది, మొత్తం జనాభాను లెక్కపెట్టి గీతలు గీయడం రాజ్యాంగబద్ధమేనని.

ఆ లెక్కలో ఎవరెవరు ఉన్నారో ఆలోచించండి. లాటినో పిల్లలున్నారు. కాగితాలు లేని కూలీలున్నారు. వాళ్లతో పాటు హెచ్‌-1బి మీద ఉన్న మన తమ్ముళ్లు, హెచ్‌-4 మీద ఉన్న మన చెల్లెళ్లు, మాస్టర్స్ చదువుతున్న పిల్లలు, గ్రీన్‌కార్డు కోసం పదేళ్లు, పదిహేనేళ్లు క్యూలో నిలబడ్డ కుటుంబాలు ఉన్నాయి. ఉత్తర ఇర్వింగ్‌లోని లాస్ కొలీనాస్ అపార్ట్‌మెంట్లలో ఎంతమంది తెలుగువాళ్లకు ఓటు లేదో మీకు నేను చెప్పక్కర్లేదు. ఓటర్లనే లెక్కపెట్టాలన్న వాదన గెలిచి ఉంటే నగర పటం మీద వాళ్లంతా లేనట్టే. వాళ్లు ఈ రోజు ఒక కౌన్సిల్ సభ్యుడికి "నా డిస్ట్రిక్ట్ జనం" అయ్యారంటే, దక్షిణ ఇర్వింగ్ లాటినోల డిస్ట్రిక్ట్‌కు వ్యతిరేకంగా వేసిన ఆ కేసు ఓడిపోవడం కూడా ఒక కారణం. ఓటు లేని మనిషినీ మనిషిగా లెక్కపెట్టాలన్న సూత్రం వాళ్లనూ మననూ ఒకేసారి కాపాడింది. ఇది తెలిసి కూడా "ఓట్లెయ్యని వాళ్లకు సీట్లెందుకు" అనగలమా?

కౌన్సిల్‌లో ఒక సీటుతో ఏమవుతుందని అడిగేవాళ్లుంటారు. ఇర్వింగ్ 2006, 2007 సంవత్సరాలు గుర్తు చేస్తాను. అప్పట్లో నగర జైలుకు వచ్చినవారి వలస వివరాలను 24 గంటలూ ఫెడరల్ ఏజెంట్లతో సరిచూసే ఏర్పాటు మొదలైంది. వేలమందిని అప్పగించారు. పరిస్థితి ఎంతదాకా వెళ్లిందంటే, 2007లో డాలస్‌లోని మెక్సికో కాన్సుల్ తమ దేశస్థులను ఇర్వింగ్‌లో కారు నడపకుండా ఉంటే మంచిదని హెచ్చరించారు. తర్వాత బర్క్‌లీ న్యాయ కళాశాల పరిశోధకులు ఆ అరెస్టుల్ని పరిశీలించి 2009లో ఒక నివేదిక ఇచ్చారు. ఏజెంట్లు పట్టి ఉంచమన్నవాళ్లలో పెద్ద నేరాల అభియోగం ఉన్నవాళ్లు 2 శాతమే అని అందులో తేలింది. మిగతావి ట్రాఫిక్ తప్పులు, చిన్నాచితకా కేసులు. ఇదంతా జరుగుతున్నప్పుడు దక్షిణ ఇర్వింగ్ జనం గెలిపించుకుని, తమ బాధ చెప్పుకోగలిగిన డిస్ట్రిక్ట్ సభ్యుడనేవాడు లేడు. ఊరంతటికీ జవాబుదారీ అయినవాళ్లు ఏ ఒక్క వీధికీ జవాబుదారీ కాలేదు.

మన పొరుగునే ఫార్మర్స్ బ్రాంచ్ ఉంది. 2006లో అక్కడి కౌన్సిల్, చట్టబద్ధమైన వలస హోదా లేనివాళ్లకు అపార్ట్‌మెంట్ అద్దెకివ్వకూడదని ఆర్డినెన్స్ తెచ్చింది. 2007లో పెట్టిన ఓటింగ్‌లో మూడింట రెండొంతుల మంది ఔనన్నారు. కోర్టు ఆపింది. 2008లో ఇంకో రూపంలో మళ్లీ తెచ్చారు. అద్దెకు ఉండాలనుకునే ప్రతి ఒక్కరూ నగర కార్యాలయానికి దరఖాస్తు పెట్టి, 5 డాలర్లు కట్టి, తాము పౌరులమో కాదో, కాకపోతే ఏ హోదాలో ఉన్నామో రాసిచ్చి లైసెన్సు తెచ్చుకోవాలట. ప్రతి ఒక్కరూ అంటే ప్రతి ఒక్కరూ. సూట్‌కేసులతో దిగిన మన మాస్టర్స్ విద్యార్థి కూడా, ముగ్గురితో కలిసి రెండు గదుల అపార్ట్‌మెంట్ తీసుకోవాలంటే ముందు ఆ లైసెన్సు తెచ్చుకోవాల్సిందే. అది అమలుకు రాకముందే కోర్టులు అడ్డుకున్నాయి. 2013లో అప్పీల్ కోర్టు పూర్తి ధర్మాసనం కొట్టేసింది, 2014లో సుప్రీంకోర్టు వినడానికి ఒప్పుకోలేదు. లక్షల డాలర్ల పన్ను సొమ్ము లాయర్ల ఫీజులకు పోయింది. ఆ ఊళ్లోనూ ఎన్నికలు ఊరంతా కలిపే జరిగేవి. ఓటు హక్కుల చట్టం కింద అక్కడా లాటినో ఓటర్లు కేసు వేసి 2012లో గెలిచారు, డిస్ట్రిక్టులు వచ్చాయి, 2013లో అనా రేయెస్ ఆ కౌన్సిల్‌కు ఎన్నికైన మొదటి లాటినో సభ్యురాలయ్యారు. ఆవిడో ఆవిడలాంటివారో 2006లోనే ఆ బల్ల చుట్టూ కూర్చుని ఉంటే ఆ ఆర్డినెన్స్ ఆగిపోయేదని నేను చెప్పలేను. కానీ ఎవరి బతుకుల గురించి చర్చిస్తున్నారో వాళ్లలో ఒకరి ముఖం చూస్తూ మాట్లాడాల్సి వచ్చేది.

మన టెక్సస్‌లోనే ఉన్న శాన్ ఆంటోనియో సంగతి కూడా చెప్పాలి, ఎందుకంటే అది కాలువల కథ. కాలువల గురించి మనకు తెలిసినంత ఎవరికీ తెలియదు. ఆ నగరం పడమటి వైపు మెక్సికన్ అమెరికన్ల బస్తీలు. వాన పడితే చాలు వీధులు మునిగేవి, పిల్లలు బురదలోంచి బడికి వెళ్లేవాళ్లు. వరద నీటి కాలువల ప్లాన్లు 1940ల నుంచీ కాగితాల మీదే ఉన్నాయి, ముప్పై ఏళ్లయినా పని మొదలవలేదు. డబ్బు ఉత్తరాన లేస్తున్న కొత్త కాలనీలకు పోయేది. అప్పుడూ కౌన్సిల్ ఎన్నిక ఊరంతా కలిపే. 1974లో ఎర్నెస్టో కోర్టెస్ అనే ఆయన చర్చి పారిష్‌ల వెంట తిరిగి, గృహిణుల్నీ కార్మికుల్నీ కూడగట్టి కాప్స్ అనే సంఘం నిర్మించారు. వరదలొచ్చిన ఆ ఏడాది వాళ్లు వందలమందిగా కౌన్సిల్‌కు వెళ్లారు. చేతుల్లో నగరం తయారుచేసిన పాత ప్లాన్లే. "ఇది మీరే రాశారు. ఎందుకు కట్టలేదు?" అన్నది వాళ్ల ప్రశ్న. కాలువల కోసం కోట్ల డాలర్ల బాండ్లు ఆ తర్వాతే వచ్చాయి. ఆ రోజుల్లోనే కేంద్ర న్యాయశాఖ నగర ఎన్నికల పద్ధతి మీద అభ్యంతరం తెలిపింది. 1977లో డిస్ట్రిక్టులకు మారాలా వద్దా అని ప్రజల్నే అడిగారు. స్వల్ప తేడాతో అవునని తేలింది. పది డిస్ట్రిక్టులు, ఒక మేయరు. అలా వచ్చిన కౌన్సిల్‌లో మెక్సికన్ అమెరికన్లు, నల్లజాతివాళ్లు కలిపి మెజారిటీ అయ్యారు. 1981లో హెన్రీ సిస్నెరోస్ మేయరయ్యారు. అంతకుముందు ఆ ఊరికి మెక్సికన్ మూలాలున్న మేయరు చివరిసారి ఉన్నది 1842లో. టెక్సస్ మెక్సికోలో భాగంగా ఉన్నప్పటి నుంచీ మెక్సికన్లు నివసిస్తున్న ఊరు అది.

నేను ఈ మెట్రోలో ఒక నగర కౌన్సిల్ సమావేశానికి వెళ్లినప్పుడు చూసింది ఒకటి చెప్తాను. పౌరులు మాట్లాడేందుకు ఒక్కొక్కరికి మూడు నిమిషాలు. ఎదురుగా తెర మీద అంకెలు తగ్గుతూ ఉంటాయి. హోటల్ గదులు శుభ్రం చేసే యూనిఫామ్‌లోనే ఒకావిడ మైకు దగ్గరికి వచ్చింది, పక్కన పదకొండు పన్నెండేళ్ల కొడుకు. ఆవిడ స్పానిష్‌లో ఒక వాక్యం చెప్పడం, వాడు ఇంగ్లిష్‌లోకి మార్చడం. వాళ్ల వీధిలో బస్ స్టాప్ నుంచి ఇంటిదాకా కాలిబాట లేదు, రాత్రి షిఫ్ట్ దిగి రోడ్డు అంచున నడవాల్సి వస్తోంది. ఒక చోట పిల్లవాడు ఆగిపోయాడు, ఆ మాటకు వాడికి ఇంగ్లిష్ తట్టలేదు. తల్లి మళ్లీ చెప్పింది. ఈలోగా గంట మోగింది. రెండు భాషలకూ కలిపి అవే మూడు నిమిషాలు. బల్ల వెనక కూర్చున్నవాళ్లు మర్యాదగా థాంక్యూ అన్నారు. ఆవిడ అడగవలసింది ఇంకా పూర్తి కానేలేదు. నాకు మా అమ్మ గుర్తుకొచ్చింది. ఇక్కడికొచ్చినప్పుడు డాక్టరు దగ్గర ఆవిడ తెలుగులో చెప్పే నొప్పిని నా కూతురు ఇంగ్లిష్‌లోకి మార్చలేక నా వైపు చూస్తుంది. ఆ తల్లికి స్పానిష్‌లో నేరుగా ఫోన్ చేసి చెప్పుకోగలిగిన కౌన్సిల్ సభ్యుడొకరు ఉండాలన్నది పెద్ద కోరికేమీ కాదు.

"వాళ్లు ఓట్లెయ్యరు" అన్నమాటకు తిరిగి వస్తాను. టెక్సస్‌లో 1966 దాకా ఓటెయ్యాలంటే ముందు పన్ను కట్టాల్సి వచ్చేది. దక్షిణ ఇర్వింగ్‌లో సగటు వయసు తక్కువ, ఓటు వయసు రాని పిల్లలు ఎక్కువ. ఓటున్న చాలామంది కన్‌స్ట్రక్షన్‌లో, హోటళ్లలో, గోడౌన్లలో పనిచేస్తారు, సిటీ ఎన్నిక పడే మే నెల శనివారం వాళ్లకు సెలవు కాదు. మన సంగతేమిటి? మనకు శనివారం సెలవు. రెండు కార్లు. పోలింగ్ కేంద్రం పది నిమిషాల దూరం. నవంబరులో అధ్యక్షుడి ఎన్నికకు ఫొటోలు పెట్టుకునే మనలో ఎంతమంది మే నెలలో ఓటేశాం? చాలా తక్కువమంది. ఇంకొకర్ని ఓటెయ్యరని తక్కువ చేసి మాట్లాడే స్థితిలో మనం లేం.

లాటినో అంటే ఒకే ముద్ద కూడా కాదు. మెక్సికో నుంచి వచ్చిన పెద్దాయనకూ, నిన్నమొన్న వచ్చిన వెనిజులా కుర్రాడికీ రాజకీయాలు కలవకపోవచ్చు. టెక్సస్ అమెరికాలో కలవకముందు నుంచే ఇక్కడున్న కుటుంబాలు వాళ్లలో ఉన్నాయి. కొందరు రిపబ్లికన్లు, కొందరు డెమోక్రాట్లు. మనల్ని "ఏషియన్" అనే ఒక గడిలో వేసినట్టే వాళ్లనూ ఒక గడిలో వేశారు. ఒకప్పుడు ఈ దేశం రెండు గడులనూ పక్కపక్కనే పెట్టింది: 1930 జనాభా లెక్కల్లో జాతుల జాబితాలో "మెక్సికన్" ఒకటి, "హిందూ" ఒకటి. అప్పుడు పంజాబీ సిక్కులనూ ముస్లింలనూ కూడా హిందూ అనే రాసుకున్నారు. లూలాక్ లాంటి లాటినో హక్కుల సంఘాలూ మెక్సికో ప్రభుత్వమూ గట్టిగా ఎదిరించడంతో 1940కి మెక్సికన్ గడి పోయింది. మన గడి పోవడానికి ఇంకో పదేళ్లు పట్టింది. 1975లో ఓటు హక్కుల చట్టాన్ని స్పానిష్ మాట్లాడేవాళ్లకు విస్తరించాలని టెక్సస్ మెక్సికన్ అమెరికన్లు పోరాడితే, హ్యూస్టన్ నుంచి గెలిచిన నల్లజాతి సభ్యురాలు బార్బరా జోర్డన్ కాంగ్రెస్‌లో ముందుండి నడిపించారు. ఆ సవరణలోనే ఆసియా భాషలూ చేరాయి. ఈ రోజు న్యూయార్క్ క్వీన్స్‌లో బెంగాలీలో బ్యాలెట్ దొరుకుతోందంటే అది ఆ సవరణ చలవ. మనం అడగని, మనకు ఊసే తెలియని పోరాటం ఫలితం అది.

ప్రాతినిధ్యం దక్కితే అన్నీ చక్కబడతాయని కూడా నేను అనడం లేదు. లాస్ ఏంజెలెస్‌లో 2022 అక్టోబరులో బయటపడ్డ ఆడియో చాలామంది వినే ఉంటారు. కౌన్సిల్ అధ్యక్షురాలు, ఇద్దరు సభ్యులు, ఒక కార్మిక నాయకుడు, అందరూ లాటినోలే. డిస్ట్రిక్ట్ గీతల గురించి మాట్లాడుకుంటూ, తోటి సభ్యుడి నల్లజాతి కొడుకు గురించీ, మెక్సికోలోని వహాకా నుంచి వచ్చిన ఆదివాసుల గురించీ హీనంగా మాట్లాడారు. అధ్యక్షురాలు నూరీ మార్టినెజ్ రాజీనామా చేయాల్సి వచ్చింది. ఆ ఆడియోను మనం వాళ్లను వేలెత్తి చూపడానికి వాడుకోకూడదు, జాగ్రత్త కోసం గుర్తుంచుకోవాలి. "మనవాళ్ల సీటు" అన్న ఒక్క ధ్యాసతో గీతలు గీయడం మొదలెడితే మనిషి నోట ఎలాంటి మాటలు వస్తాయో అందులో ఉంది. మన భోజనాల దగ్గరి మాటలు ఆ దారిలోనే ఉన్నాయని నా భయం.

ఉత్తర, దక్షిణ ఇర్వింగ్‌లు కలిసి నడవలేవనుకోవద్దు. 2025 మార్చిలో ఒకప్పుడు టెక్సస్ స్టేడియం ఉన్న స్థలం పక్కన లాస్ వేగస్ శాండ్స్ కంపెనీ క్యాసినో ప్రతిపాదన వచ్చినప్పుడు ఊళ్లోని అన్ని వైపుల నుంచీ జనం సిటీ హాల్‌కు వచ్చారు. కౌన్సిల్ ఓటుకు ముందే కంపెనీ ఆ క్యాసినో భాగాన్ని వెనక్కి తీసుకుంది. ఎవరి పిల్లలైనా పిల్లలే అనుకున్నప్పుడు పని ఎంత తేలికైందో చూశాం.

సంఘాల పెద్దలకు నా విన్నపాలు ఇవి. డిస్ట్రిక్ట్ పద్ధతిని సమర్థిస్తున్నట్టు మీ కార్యవర్గ సమావేశంలో తీర్మానం చేయండి, దాన్ని ఇంగ్లిష్‌లో, స్పానిష్‌లో కూడా రాసి కౌన్సిల్‌కు పంపండి. 2030 లెక్కల తర్వాత గీతలు మళ్లీ గీస్తారు. ఉత్తరాన మన జనం పెరిగారు కాబట్టి అక్కడ మనకు న్యాయంగా రావలసిన డిస్ట్రిక్ట్ కోసం అడుగుదాం, తప్పకుండా అడుగుదాం. అయితే ఆ పటం మన హాల్లో ఒక్కళ్లమే కూర్చుని గీసుకోకూడదు. దక్షిణాన పనిచేసే లాటినో సంఘాలతో ఇప్పట్నుంచే కూర్చుంటే, రెండు వర్గాలకూ నష్టం లేని పటం ఇద్దరం కలిసే ఇవ్వొచ్చు. మీరు అభ్యర్థులను పిలిచి పెట్టే ముఖాముఖి సమావేశాల్లో సగమైనా 183కి దక్షిణాన పెట్టండి. స్పానిష్ అనువాదకుడి ఖర్చు మన సంఘమే పెట్టుకోవాలి. ఒక్క సాంస్కృతిక కార్యక్రమానికి స్టేజీ అలంకరణకు పెట్టేదానిలో అది ఎన్నో వంతు కూడా ఉండదు. ఒకేసారి అనువదించే పరికరాలు లేని చోట, అనువాదకుడి ద్వారా మాట్లాడేవాళ్లకు కనీసం రెట్టింపు సమయం ఇవ్వాలని 2019 నుంచి టెక్సస్ చట్టమే చెబుతోంది, దాన్ని సరిగ్గా పాటించమని నగరాలను అడగండి. రేపు మన అమ్మానాన్నలు మైకు దగ్గరికి వెళ్లినప్పుడూ అది పనికొస్తుంది.

ఒక పని మాత్రం ఈ ఏడాదే చేయొచ్చు. టెక్సస్‌లో డ్రైవింగ్ లైసెన్సు రెన్యూ చేసుకునేటప్పుడు తప్ప ఆన్‌లైన్‌లో కొత్తగా ఓటరు నమోదు చేసుకునే వీల్లేదు, ఫారం నింపి ఇవ్వాలి. ఎన్నికకు 30 రోజుల ముందు గడువు ముగుస్తుంది, అంటే మే ఎన్నికకు ఏప్రిల్ మొదట్లోనే. ఉగాది వేడుక దాకా ఆగితే చేయి దాటిపోవచ్చు. కాబట్టి సంక్రాంతి సంబరాలకే గుమ్మం దగ్గర ఒక బల్ల వేయండి. కౌంటీ ఇచ్చే శిక్షణ తీసుకుని వాలంటీర్ డిప్యూటీ రిజిస్ట్రార్లుగా మనలో పౌరసత్వం ఉన్న పదిమంది ముందుకు రావాలి, వాళ్లలో మొదటి పేరు నాది రాసుకోండి. 1974లో శాన్ ఆంటోనియోలో విలీ వెలాస్కెజ్ మొదలుపెట్టిన ఓటరు నమోదు ఉద్యమం సరిగ్గా ఇలాంటి బల్లలతోనే, ఇంటింటికీ తిరిగే మనుషులతోనే నైరుతి రాష్ట్రాలన్నిటికీ పాకింది. మన హాల్లో బల్ల వేసిన మరుసటి ఆదివారం, దక్షిణ ఇర్వింగ్‌లో స్పానిష్ ప్రార్థన జరిగే ఒక చర్చి దగ్గర అనుమతి అడిగి అదే బల్ల అక్కడ వేద్దాం. ఫారాలు స్పానిష్‌లోనూ ఉంటాయి. స్పానిష్ వచ్చిన మన కాలేజీ పిల్లలు చాలామంది ఉన్నారు, వాళ్లను వెంట తీసుకెళ్దాం. డిసెంబరు లోపు ఏ సంఘం ముందుకొస్తుందో చెబితే శిక్షణ తేదీలు కనుక్కుని, చర్చి వాళ్లతో మాట్లాడే పని నేను చూసుకుంటాను.

ఇట్లు,
మీలో ఒకరు, ఇర్వింగ్ ఓటరు